సవరణ: ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభ గురించి

ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభ గురించి మొన్న పెట్టిన పోస్టులో సభ్యులందరూ 1957 ఎన్నికల్లో గెలిచినవాళ్లే అని రాశాను. అది తప్పు.

1957లో శాసనసభకు సాధారణ ఎన్నికలు జరిగింది తెలంగాణ జిల్లాల్లోనే, 105 స్థానాలకు. ఆంధ్ర, రాయలసీమల్లో 1955లోనే ఎన్నికలయ్యాయి. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి గెలిచిన 196 మంది స్థానాలు అలాగే కొనసాగాయి. రెండూ కలిపితే 301. అంటే ఒకే సభలో రెండు వేర్వేరు ఎన్నికల వాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. 1955 వాళ్లకు ఏకంగా 1962 దాకా మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లే పని పడలేదు. ఈ రోజుల్లో ఏ ఎమ్మెల్యేకి దక్కుతుంది ఆ అదృష్టం!

1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడ్డాక, 1957 ఎన్నికలదాకా తెలంగాణ తరఫున సభలో ఉన్నది 1952లో హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైనవాళ్లు. అయ్యదేవర కాళేశ్వరరావు గారు స్పీకరయింది అప్పటి ఆ ఆంధ్రప్రదేశ్ సభలోనే, 1956 డిసెంబరులో.

ఆ పాత పోస్టులోని సభ్యుల జాబితాలో ఒకే నియోజకవర్గానికి రెండేసి పేర్లున్నాయేమిటని కొందరు అడిగారు. అది మాత్రం పొరపాటు కాదు. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి, అందులో ఒక స్థానం రిజర్వుడు. 1962 నాటికి అవి పోయాయి.

ఈ వివరాలు ఎన్నికల సంఘం పాత నివేదికల్లోనూ శాసనసభ రికార్డుల్లోనూ ఉన్నాయి. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జతచేయండి.