రిపోర్టులో లెక్కకు రాని దుమ్ము గారికి

గౌరవనీయులైన దుమ్ము గారికి,

హన్మకొండ నుంచి మీ దగ్గరి మనిషి (దగ్గరంటే ముక్కు లోపలిదాకా) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ మీరు క్షేమమని అడక్కుండానే తెలుస్తోంది. పొద్దున తుడిచిన బండి సీటు మీద నేను బయల్దేరే టైముకు మళ్లీ మీరే కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మా సంగతి అడక్కండి, ఇంట్లో ఒకరు దగ్గు ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు.

విషయానికొస్తా. మా బజారును అభివృద్ధి చేస్తున్నారు. ఫుట్‌పాత్, కొత్త మోరీలు, మధ్యలో డివైడర్, డివైడర్‌లో మొక్కలు, మొక్కల మధ్య రంగు లైట్లు, అన్నీ ఉన్నాయి ఫ్లెక్సీ మీది బొమ్మలో. ఆ బొమ్మలో నడిచే మనుషులు మాత్రం మనోళ్లు కాదు, ఒక్కరి చేతిలోనూ కూరగాయల సంచి లేదు, ఒక్కరి మూతికీ కర్చీఫ్ లేదు. దీనికి గాలి మీద ప్రభావం ఎంత అని ఒక రిపోర్టు కూడా రాశారు. ఎవరో వాట్సాప్‌లో పంపితే మీ పేరు కోసం ఆశగా వెతికాను. ఉన్నారండీ, ఒక్క పేరాలో ఉన్నారు. పని నడిచేటప్పుడు మీరు స్వల్పమట, తాత్కాలికమట, నీళ్లు చల్లితే పోతారట. పని పూర్తయ్యాక ఇప్పటికన్నా గాలి బాగుపడుతుందట. మరి నా బండి మీద కూర్చున్నది ఎవరు?

ఇంత అవమానం జరిగితే మీకు చెప్పకపోవడం ధర్మం కాదని ఈ ఉత్తరం.

మిమ్మల్ని లేకుండా చేసిన పద్ధతి వింటే మీకే ముచ్చటేస్తుంది. ఒక రోడ్డు పని వల్ల గాలి బాగుపడిందా చెడిందా తేలాలంటే పనికి ముందు కొలవాలి, తవ్వుతున్నప్పుడు కొలవాలి, అంతా అయ్యాక కొలవాలి, అన్నిసార్లూ అదే చోట, వీలైనంతవరకు అదే కాలంలో. పని జరగని ఇంకో వీధిలో కూడా కొలిచి పక్కన పెట్టుకుంటే, మారింది మా బజారా లేక ఊరంతానా అన్నదీ తెలుస్తుంది. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకునేది ఏం లేదు. మా దగ్గర మాత్రం "ముందు" కొలత తీయడానికి మనుషులొచ్చే సరికే రోడ్డు నడుంలోతు తవ్వి ఉంది. అంటే తవ్విన రోడ్డు ముందు, వేసిన రోడ్డు తర్వాత. బట్టతల మందు ప్రకటనలో రెండు ఫొటోలు వేస్తారు చూడండి, ఆ మొదటి ఫొటో మీరన్నమాట. మీరు పుట్టింది ఈ పని వల్ల, మిమ్మల్ని రాసింది పాత రోడ్డు ఖాతాలో. పాపం ఆ పాత రోడ్డు, గుంతలున్నా ఇంత అపవాదు ఎప్పుడూ మోయలేదు.

కాలం ఎంచుకోవడంలోనూ ఇలాంటి నేర్పే ఉంటుంది. చలికాలంలో రాత్రి నేల చల్లబడితే కింది గాలి పైకి లేవదు, పొగా మీరూ కలిసి తెల్లారేదాకా మనిషి ఎత్తులోనే తిరుగుతుంటారు. వానాకాలంలో రెండు జల్లులు పడితే మీరు బుద్ధిగా నేల మీదికి దిగుతారు. కాబట్టి ముందు కొలత జనవరిలో, తర్వాత కొలత ఆగస్టులో పెట్టుకుంటే రోడ్డు వేసినా వేయకున్నా గాలి బాగుపడినట్టే లెక్క వస్తుంది. వానదేవుడి కష్టం కాంట్రాక్టరు ఖాతాలో పడుతుంది.

ఇక మిషన్ సంగతి. తూచిన ఫిల్టర్ కాగితం పెట్టి, దాని గుండా గాలిని లాగి, మళ్లీ తూచి, పెరిగిన బరువును లాగిన గాలితో భాగిస్తే ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని వస్తుంది. ఆ మిషన్ మూతి నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పద్ధతి. ఊరి గాలి మొత్తం మీద ఎలా ఉందో చూడాలంటే అది సరైనదే, తప్పు పట్టను. కానీ మూడో అంతస్తు ఎత్తున తీసిన గాలి పట్టుకొచ్చి ఇదే మీ బజారు గాలి అంటే ఎలా? అంత ఎత్తున ముక్కున్న మనిషి మా దగ్గర ఒక్కడూ లేడు. స్కూలు ఆటోలో వెనక్కి తిరిగి కూర్చునే పిల్లల ముక్కులు వెనకొచ్చే ఆర్టీసీ బస్సు టైరుకు సమానంగా ఉంటాయి. వాళ్ల దగ్గర పెట్టమనండి మిషన్‌ను, చూద్దాం ఫిల్టర్ కాగితం ఏ రంగులో బయటికొస్తదో.

మీ ఇంట్లోనూ పెద్దలూ పిల్లలూ ఉన్నారని నాకు తెలుసు. మీలో పెద్దవాళ్లు కళ్లల్లో పడతారు, కనపడతారు, అందరి చేత తిట్లు తింటారు. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపువాళ్లు ఊపిరితో పాటు లోపలికొస్తారు, 2.5 మైక్రాన్ల లోపువాళ్లయితే ఊపిరితిత్తుల చివరి గదులదాకా వెళ్లి కాపురం పెడతారు. వాళ్లు కంటికి కనపడరు కాబట్టి వాళ్లను ఎవరూ తిట్టరు. మన దేశంలో 2009లో పెట్టిన హద్దు ప్రకారం పీఎం 10 (అంటే మీలో ఆ 10 మైక్రాన్ల లోపువాళ్లు) ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు దాటొద్దు, పీఎం 2.5 అయితే 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకెలు 15, 5. రెండింటికీ మధ్య ఉన్న ఆ ఖాళీ స్థలమంతా మీకు కేటాయించిందే అనుకోండి, పట్టా ఒక్కటే తక్కువ. ఏడాది సగటు అనాలంటే వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 కొలతలైనా ఉండాలని ఆ నిబంధన కిందే రాసుంది. మా రిపోర్టులో కొలతలకు చేతివేళ్లు సరిపోతాయి. ఇంకో సరదా ఉంది అక్కడే: ఒక రోజు కొలత హద్దును మీరు ఏడాదిలో నూటికి రెండు వంతుల కాలం దాటొచ్చు, కాకపోతే వరుసగా రెండు కొలత రోజులు దాటకూడదు. తప్పు చేయండి, మధ్యలో ఒకరోజు సెలవు పెట్టండి.

కంప్యూటర్ లెక్క ఒకటి కట్టారు. రోడ్డు వెడల్పయితే బండ్లు ఆగకుండా పోతాయి, ఆగకుండా పోతే పొగ తగ్గుతుంది, కాబట్టి గాలి బాగుపడుతుంది. వినడానికి బాగానే ఉంది. మా బజారు వెడల్పయిన మరునాడు ఏమవుతుందో చిన్నపిల్లాడికీ తెలుసు, పెరిగిన వెడల్పులో కార్లు పార్కింగ్ చేస్తారు, మిగిలిన దాంట్లో షేర్ ఆటోలు ఆగుతాయి, బాగుందట కదా అని పక్క రోడ్డు మీద పోయే బండ్లూ ఇటే వస్తాయి. ఆ లెక్క కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. పైగా అది సైలెన్సర్‌లోంచి వచ్చేదాన్నే లెక్కబెట్టింది. టైరు కింద నలిగి లేచే మిమ్మల్ని లెక్కబెట్టాలంటే రోడ్డు మీద కొంత జాగా కొలిచి, అక్కడున్నదంతా ఊడ్చి, 75 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన మెత్తటి పొడి ఎంతో తూచాలి, పోయే బండ్ల సగటు బరువెంతో చూడాలి. ఆ పొడి పెరిగేకొద్దీ, బండ్లు బరువెక్కేకొద్దీ మీరు ఎక్కువ లేస్తారు. ఈ లెక్కన పొగే రాని బ్యాటరీ ఆటో కూడా మిమ్మల్ని లేపుతుంది, ఎండాకాలం ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోయే లారీ ఇంకా బాగా లేపుతుంది. మా బజారులో జల్లెడ పట్టిన మనిషిని నేనైతే చూడలేదు, బజ్జీల బండి అక్క తప్ప. ఆమె శెనగపిండి జల్లెడ పడుతుంది. మూకుడు పక్కన సత్తు పళ్లెం బోర్లించి, కాలిన బజ్జీలు దాని కింద దాచి, గిరాకీ వచ్చినప్పుడే పళ్లెం ఎత్తి, ఇచ్చి, మళ్లీ మూసేస్తుంది. "పిండి నేను సగమే కలుపుతున్న తమ్మీ, మిగతా సగం రోడ్డే కలుపుతున్నది" అంది మొన్న. రేటు మాత్రం తగ్గించలేదు, అడిగాను కూడా.

అసలు బాధ ఇప్పుడు చెప్తా. రిపోర్టులో లెక్కకు రాని మీరు, బిల్లులో ఉన్నారు! ఫుట్‌పాత్ టైల్స్ కింద పరవడానికి క్రషర్ నుంచి టిప్పర్ల కొద్దీ తెచ్చేది మిమ్మల్నే కదా, సూపర్‌వైజర్ మొదలు మేస్త్రీ దాకా అందరూ మిమ్మల్ని ముద్దుగా "డస్ట్" అనే పిలుస్తారు, ట్రిప్పుకింత అని డబ్బులిచ్చి కొంటారు, టార్పాలిన్ కప్పకుండా ఊరేగించి తెస్తారు. సగం టైల్స్ కిందికి పోతారు, సగం మా ఇళ్లలోకి. డబ్బులిచ్చి కొన్న సరుకు స్వల్పమని ఎట్లా రాశారో ఆడిట్ వాళ్లు చూసుకుంటారేమో. వెయ్యి స్తంభాల గుడి కట్టినప్పుడు కాకతీయులు పునాదిలో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారని గొప్పగా చెప్పుకుంటాం, ఆ గుడికి కిలోమీటర్ల దూరంలో కూడా కాదు, మన ఊళ్లోనే ఇప్పుడు ఇసుకను నడిరోడ్డు మీద పోసి దాని మీద మనుషుల్ని నిలబెడుతున్నారు.

రూల్ లేదా అంటే ఉంది. 2018 జనవరిలో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది: దుమ్ము లేవకుండా ఏర్పాటు లేనిదే మట్టి తవ్వొద్దు, ఇసుక, మట్టి కప్పకుండా వదలొద్దు, నీళ్లు చల్లే ఏర్పాటుండాలి, రాళ్లలాంటివి ఆరుబయట కోయొద్దు, తీసుకున్న చర్యలేంటో జనానికి కనపడేలా బోర్డు పెట్టాలి. మా దగ్గర బోర్డుంది. "అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆ చింత మీద కూడా మీరే పేరుకుపోయారు. రాయి కోసే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని ఫుట్‌పాత్ అంచుకు గ్రానైట్ కోస్తుంటాడు, కటింగ్ మిషన్ ముట్టగానే తెల్లగా లేచి ఐదు నిమిషాలు మనిషే కనపడడు, మళ్లీ కనపడేసరికి కనురెప్పలు, మీసాలు అన్నీ తెల్లబడి ఉంటాయి. మూతికి తువ్వాలొకటి. రాతిపొడిలోని సిలికా ఏళ్ల తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, సిలికోసిస్ అంటారు, వస్తే పోయేది కాదు. బ్లేడు మీద సన్నగా నీళ్లు పడేలా ఒక పైపు కడితే చాలు, ఆ పొడి బురదై కిందికి కారిపోతుంది. ఆ పైపు ఖరీదు ఆ ఫ్లెక్సీ ఖరీదులో ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి. ఈ కుర్రాడు రిపోర్టులో ఏ పేరాలో ఉన్నాడని వెతికాను. మీకు కనీసం ఒక పేరా దక్కింది.

పెద్ద రహదారులకైతే 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి గొడవ ఉంటుంది, జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు ఆ జాబితాలో ఉన్నాయి, ఊరి లోపలి బజారు లేదు. 2019లో గాలి బాగా చెడిన నగరాలంటూ కేంద్రం పథకం పెడితే తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు పేర్లొచ్చాయి, వరంగల్ పేరు రాలేదు. సంతోషించాలా, నొచ్చుకోవాలా తెలియలేదు. ఏ జాబితాలోనూ లేని చోట తిరగడం మీకు మాత్రం బాగా కలిసొచ్చింది.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి, లేకపోతే అభివృద్ధి నిరోధకుడని గ్రూపులో నన్ను ఏకిపారేస్తారు. రోడ్డు అంచు నుంచి అంచు దాకా మట్టి కనపడకుండా వేస్తే మీకు నిజంగానే ఇబ్బంది. ఫుట్‌పాత్ మీద నిజంగా నడవనిస్తే కూరగాయలకు కూడా బండి తీసేవాళ్లు కొందరైనా నడుస్తారు. పని మంచిదే. ఆ మంచి వచ్చేలోపు మధ్యలో గడిచే కాలాన్ని తాత్కాలికం అని ఒక మాటలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు మండుతోంది. సద్దుల బతుకమ్మకు అయిపోతుందన్నారు, ఆడోళ్లు మీ మధ్యే బతుకమ్మ ఆడారు, తంగేడు పూలు పసుపా బూడిదా తెలియలేదు. సంక్రాంతికన్నారు, అదీ పోయింది. ఉబ్బసం ఉన్న మా మేనత్త కిటికీకి తడి దుప్పటి కట్టుకుని కూర్చుంది, ఆమెను తాత్కాలికంగా ఊపిరి ఆపుకోమనాలా? ఇక రేపు డ్రైనేజీ వాళ్ల పని ఒక ప్రాజెక్టు, కేబుల్ వాళ్లది ఇంకొకటి, మంచినీళ్ల పైపుది మరొకటి. దేనికది విడిగా చూస్తే స్వల్పమే. తెల్లారుజామున కార్మికులు పొడి చీపుర్లతో మిమ్మల్ని డివైడర్ పక్కకు ఊడ్చి కుప్ప చేస్తారు, మాస్కు కూడా సరిగ్గా ఉండదు వాళ్లకు, మొదటి బస్సొచ్చి ఆ కుప్పను మళ్లీ ఎవరి చోటికి వాళ్లను పంపిస్తుంది. ఆ కుప్ప ఎత్తుకుపోవడానికి ట్రాలీ రావాలి. అది ఏ ప్రాజెక్టులో ఉందో మరి.

కాబట్టి మీకు నా సలహా. మళ్లీ కొలవడానికి వస్తారట, ఆ రోజు పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ కూడా వస్తుంది, అప్పుడు ఎగబడి లాభం లేదు, అది మీ రోజు కాదు. ఓపిక పట్టండి. ప్రారంభోత్సవం రోజు రానివ్వండి. రోడ్డు మొదట్లో నల్లరాతి శిలాఫలకం ఇప్పటికే నిలబెట్టారు, రోడ్డుకన్నా ముందే అదొక్కటి పూర్తయింది, బంగారు రంగు అక్షరాల్లో పైనుంచి కిందిదాకా పేర్లే పేర్లు. మా బండ్లు, బజ్జీలు, కిటికీలు వదిలేసి మీరంతా వెళ్లి దాని మీద కూర్చోండి. ఒక్క పేరు కూడా కనపడకూడదు. గంటలో మిషన్లొస్తాయి, జల్లెళ్లొస్తాయి, మిమ్మల్ని గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో తూస్తారు.

ఇట్లు,
మీరు రోజూ లోపలికొచ్చి పలకరించే
హన్మకొండ వాసి