స్వీట్ చైల్డ్ మొదటి బిట్‌కు ఆర్కెస్ట్రా గిటారిస్టు లేఖ

మహారాజశ్రీ ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ మొదటి బిట్ గారి దివ్యసముఖానికి,

నిన్న రాత్రి సంగీత్‌లో తమరి మూలంగా నాకు జరిగిన సన్మానం గురించి మనవి.

పెళ్లికొడుకు స్నేహితులు స్టేజీ ఎక్కి, ఆ ఇంగ్లీషు రాక్ పాట మొదట్లో వచ్చే గిటార్ బిట్, అంటే తమరే, కావాలన్నారు. పాడతానన్న కుర్రాడు ఫోన్‌లో కరోకే తెచ్చుకున్నాడు, అదీ ఒరిజినల్ శృతిలో. ఆ పాట కట్టిన అమెరికన్ బ్యాండ్ గన్స్ అండ్ రోజెస్ వాళ్లు 1987 నాటి ఆ ఆల్బమ్‌లో గిటార్లు అర శృతి దించి వాయించారు కదా! ఎవరి సౌకర్యం కోసం దించారో గానీ, అవస్థ మాత్రం నాది.

కీబోర్డాయనకేం, శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కి టీకి వెళ్లిపోయాడు. నా గిటారుది ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి, అంటే తీగలు కట్టే పలక స్ప్రింగుల మీద కదులుతూ ఉంటుంది. ఒక తీగ వదులు చేస్తే వెనకున్న స్ప్రింగులు బ్రిడ్జిని లాగేస్తాయి, మిగతా ఐదూ పైకి పోతాయి. ఆ ఐదూ దించేసరికి మొదటిది మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. పైగా నట్ దగ్గర, అంటే గిటారు మెడ చివర, తీగల్ని బిగించే లాకులు. వాటిని విప్పే అలెన్ కీ బ్యాగులో, బ్యాగు వ్యాన్‌లో, వ్యాన్ తాళాలు డ్రైవర్ దగ్గర, డ్రైవర్ భోజనాల దగ్గర. ఈలోగా యాంకరమ్మ నా మీద జోకులు వేసి కాలక్షేపం చేసింది. వాటికే నాకంటే ఎక్కువ చప్పట్లు.

చివరికి మొదలుపెట్టాను. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర ఎనిమిది స్వరాలు, తీగ మీంచి తీగకి దూకుతూ. రెండుసార్లు అదే. తర్వాత మొదటి స్వరం ఒక్కటే మారుతుంది, మిగతా ఏడూ అవే. జనం కేకలు, గాల్లో ఫోన్లు. రీలుకి సరిపడా రాగానే “థాంక్యూ బ్రో” అని అందరూ దిగిపోయారు. పాడాల్సిన కుర్రాడు కూడా! తరవాతి ఐటమ్ తెలుగు పాట. అంటే ఆరు తీగలూ మళ్లీ పైకి.

‘బ్రో’తో నాకు పేచీ లేదు. గిటార్ షాపులో ప్రతి పిల్లాడూ ఏడో స్వరం దగ్గర తడబడి మళ్లీ మొదటికి రావడం కూడా భరిస్తాను. తమరిని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నవాళ్ల పాపం వాళ్లదే.

కానీ తమరి వెనకాల ఏముందో ఆ వచ్చినవాళ్లలో ఒక్కడికైనా తెలుసా? పాట సగానికి వచ్చాక మైనర్‌లోకి తిరుగుతుంది. అక్కడ బ్యాండ్ గిటారిస్టు స్లాష్ సోలో (ఒక్కడే ముందుండి వాయించే భాగం) ఎత్తుకుంటాడు. తొందరేమీ లేకుండా, నోటితో పాడుకోగలిగే వరస. మధ్యలో నిషాదం కాకలి అయి పలుకుతుంది చూడండి, అచ్చం మన కీరవాణి రాగమే! ఆ తర్వాత తీగ నాదాన్ని ‘వా’ అనిపించే వా పెడల్ తొక్కి పైస్థాయికి వెళ్తాడు, ఇక ఆపేవాడు లేడు. నేను గిటారు పట్టిందే దాని కోసం. స్టేజీ మీద ఇంతవరకూ నన్నెవరూ అక్కడిదాకా పోనివ్వలేదు. పులిహోరలో పల్లీలు ఏరుకుని ఆకు మడిచేసినట్టు, నిన్ను తీసుకుని వెళ్లిపోతారు.

అవును, ‘నిన్ను’ అనే అన్నాను. నీ పుట్టుక నాకు తెలియదా? స్లాష్ వేళ్ల కసరత్తు చేస్తూ సరదాకి వాయించిన ముక్కవి. బ్యాండ్‌లో ఇంకో గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ కార్డ్స్ (తోడు స్వరాలు) కలిపితే, మేడ మీద గాయకుడు ఆక్సిల్ రోజ్ విని మాటలు రాస్తే పాటలో చోటు దొరికింది. చాలా ఏళ్లు నువ్వంటే తనకే పడేది కాదని స్లాష్ చెప్పుకున్నాడు. 1988లో సింగిల్‌గా వేసినప్పుడు పాట పొడవు తగ్గించాలని కత్తెర పట్టారు. ఎవరి మీద పడింది? సోలో మీద! ఆక్సిల్ మండిపడ్డాడు. నువ్వు మాత్రం నిలిచావు. బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆ బ్యాండ్‌కి వచ్చిన ఒకే ఒక్క నంబర్ వన్ నీ పేరు మీద చలామణీ అయిపోయింది. సిగ్గుండాలి.

సరే, పెళ్లిళ్ల సీజన్. తప్పించుకోలేను. సౌండ్ చెక్‌లో మైకులు సరిచేస్తుంటే నా వేళ్లు వాటంతటవే నీ దగ్గరికే పోతున్నాయి, అది వేరే సంగతి. సెకండ్ హ్యాండ్‌లో రెండో గిటారు బేరమాడాను, బ్రిడ్జి కదలనిది. అర శృతి దించి, నీ కోసమే స్టాండ్ మీద పెడతాను. డబ్బు పెళ్లికొడుకుల దగ్గర వసూలు చేస్తాను. సోలో అయ్యేదాకా కదలమని మాటిచ్చిన బ్యాచ్‌కి మాత్రం ఫ్రీ.

ఇట్లు,
లీడ్ గిటార్ (పోస్టర్‌లో పేరు వేయరు)