సిడ్నీలో ఇంటిపని: డిపాజిట్ కంటే ముందు చేతికి రావాల్సిన సర్టిఫికెట్

బాత్రూమ్ పూర్తిగా తిరగగట్టడానికి సిడ్నీలో ఒక బిల్డర్ 18,500 డాలర్లకు కొటేషన్ ఇచ్చాడనుకుందాం. "ఇరవై వేలు దాటలేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు" అంటాడు. అదే కాగితం అడుగున "జీఎస్టీ అదనం" అని ఉంటుంది. పది శాతం కలిపితే లెక్క 20,350 అవుతుంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చట్టం చూసేది జీఎస్టీతో కలిపిన మొత్తాన్నే. అది 20,000 డాలర్లు దాటితే బిల్డర్ ఆ పనికి విడిగా హోమ్ బిల్డింగ్ కాంపెన్సేషన్ కవర్, అంటే బిల్డర్ చేతులెత్తేస్తే యజమానిని ఆదుకునే ఇన్సూరెన్స్, తీసుకుని తీరాలి. పాత అలవాటు కొద్దీ చాలామంది దీన్ని ఇంకా హోమ్ వారంటీ ఇన్సూరెన్స్ అనే పిలుస్తారు.

కొత్త ఇల్లు, పైఅంతస్తు, గ్రానీ ఫ్లాట్ (పెరట్లో కట్టే చిన్న విడి ఇల్లు), వంటగది, స్విమ్మింగ్ పూల్, ఏ పనికైనా ఇదే పరిమితి. ధర ముందుగా తేల్చని పనైతే కూలి, సామాను కలిపి మార్కెట్‌లో ఎంతవుతుందో ఆ లెక్క చూస్తారు. ఒకే పనిని రెండు 19,000 డాలర్ల కాంట్రాక్టులుగా రాద్దామనే బిల్డర్‌ను అక్కడే వదిలేయడం మంచిది. ప్రీమియం మిగుల్చుకోవడానికి చేసే ఆ సర్దుబాటులో నష్టపోయేది ఇంటి యజమానే.

అన్నిటికంటే ముఖ్యమైనది వరుసక్రమం. ఈ కవర్ తీసుకున్నట్టు చూపే సర్టిఫికెట్ యజమాని చేతికి వచ్చేదాకా బిల్డర్ పని మొదలుపెట్టకూడదు, డిపాజిట్‌తో సహా ఒక్క డాలరూ తీసుకోకూడదు. ఆ తర్వాత కూడా డిపాజిట్ కాంట్రాక్టు ధరలో పది శాతం మించకూడదు. సర్టిఫికెట్ చేతికొచ్చాక మూడు విషయాలు కాంట్రాక్టుతో పోల్చి చూడాలి: బిల్డర్ పేరూ లైసెన్స్ నంబరూ, ఇంటి చిరునామా, పని వివరణ. కాంట్రాక్టు కంపెనీ పేరిట, సర్టిఫికెట్ ఆ కంపెనీ యజమాని సొంత పేరిట ఉంటే సరిచేయించాకే డిపాజిట్ ఇవ్వాలి. పీడీఎఫ్ చూసి సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో సర్టిఫికెట్ నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇక అసలు చిక్కు "వారంటీ" అనే మాటలోనే ఉంది. చట్టం ఇచ్చే వారంటీ వేరు, ఇన్సూరెన్స్ వేరు. వారంటీ ఆ 20,000 డాలర్ల పరిమితితో సంబంధం లేకుండా వర్తిస్తుంది: పెద్ద లోపాలకు పని పూర్తయిన నాటి నుంచి ఆరేళ్లు, మిగతావాటికి రెండేళ్లు. అది బిల్డర్ బాధ్యత. ఇన్సూరెన్స్ మాత్రం ఆ బిల్డర్ చనిపోతేనో, దివాలా తీస్తేనో, ఆచూకీ లేకుండా పోతేనో, డబ్బు చెల్లించమన్న ఆదేశాన్ని పాటించనందుకు అతని లైసెన్స్ సస్పెండ్ అయితేనో పనికొస్తుంది. ఫోన్ ఎత్తని బిల్డర్, "వచ్చే వారం వస్తా" అంటూ ఏడాది గడిపే బిల్డర్ ఈ నాలుగింటిలో దేనికిందకీ రారు. 2001లో హెచ్‌ఐహెచ్ ఇన్సూరెన్స్ అనే పెద్ద బీమా సంస్థ కుప్పకూలాక, 2002 జూలై నుంచి దీన్ని ఆఖరి ఆసరాగా కుదించారు.

బాత్రూమ్‌నే తీసుకోండి. టైల్స్, వాటి మధ్య నింపే గ్రౌట్ నీటిని ఆపవు. ఆపేది వాటి కిందున్న వాటర్‌ప్రూఫింగ్ పొర. తడి ఆరని నేలమీద పొర పూసినా, రెండు కోట్లు వేయాల్సిన చోట ఒకటితో సరిపెట్టినా, పూర్తిగా ఆరకముందే టైల్స్ పరిచినా, గోడా నేలా కలిసే మూలలో సీలెంట్ వదిలేసినా అది చిట్లుతుంది. మొదట కనిపించేది బాత్రూమ్‌లో కాదు. పక్క గదిలో గోడ అడుగున ఉండే స్కర్టింగ్ చెక్క ఉబ్బుతుంది, పెయింట్ బుడగలు కడుతుంది, కింది అంతస్తు సీలింగ్ మీద గోధుమరంగు మరక పడుతుంది. అప్పటికే గోడలోపలి కలప నానుతూ ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్ చట్టం దృష్టిలో ప్రధాన భాగమే. అయితే ఆరేళ్ల గడువు దక్కాలంటే ఆ లోపం వల్ల ఆ గది వాడకానికి పనికిరాకుండా పోవడం లాంటి తీవ్రత కూడా ఉండాలి. పగిలిన టైల్, సరిగా పడని తలుపు రెండేళ్లలోనే తేల్చుకోవాలి.

అందుకే మరక కనబడిన వారంలోనే తేదీతో ఫొటోలు తీసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా తెలిపి, ఇన్సూరెన్స్ సంస్థకూ సమాచారం ఇవ్వాలి. బిల్డర్ కదలకపోతే ముందు ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు, తర్వాత ఇలాంటి వివాదాలు తేల్చే రాష్ట్ర ట్రైబ్యునల్ ఎన్‌క్యాట్. అక్కడ వచ్చిన డబ్బు చెల్లింపు ఆదేశాన్ని అతను పాటించకపోతే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, అప్పుడు ఇన్సూరెన్స్ తలుపు తెరుచుకుంటుంది. మొహమాటంతో, "మనవాడే కదా" అనుకుంటూ రెండేళ్లు దాటనిస్తే చిన్న లోపాల హక్కు చేజారినట్టే.

పరిహారానికీ హద్దులున్నాయి. గరిష్ఠం 3,40,000 డాలర్లు. పని మధ్యలో ఆగిపోతే వచ్చేది కాంట్రాక్టు ధరలో ఇరవై శాతం లోపే. ఐదు లక్షల డాలర్ల ఇంటికి అది లక్ష. శ్లాబ్, ఫ్రేమ్ పూర్తయిన విలువకంటే లక్షన్నర ఎక్కువ ముందే కట్టేసిన కుటుంబం కనీసం యాభై వేలు సొంతంగా భరించాలి. స్టేజ్ పూర్తయిందో లేదో చూసి చెల్లించడమే దీనికి విరుగుడు, వీలైతే స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌తో చూపించి.

మూడంతస్తులు దాటిన అపార్ట్‌మెంట్లకు ఈ కవరే లేదు. 2003 చివర్లో తెచ్చిన ఈ మినహాయింపు అన్యాయమని గట్టిగా చెప్పాలి. సిడ్నీలోనే 2018 డిసెంబరులో ఓపల్ టవర్, 2019 జూన్‌లో మాస్కాట్ టవర్స్ అపార్ట్‌మెంట్లు బీటలు వారి జనం ఉన్నపళంగా ఇళ్లు ఖాళీ చేశారు. ఆ ఎత్తు భవనాలకు డెవలపర్ కాంట్రాక్టు ధరలో రెండు శాతం బాండ్ (లోపాల మరమ్మతుకు హామీ సొమ్ము) పెట్టాలన్న నిబంధన 2018లో తెచ్చారు. బీటలువారిన భవనానికి రెండు శాతం ఏ మూలకు?

మన దగ్గర అమ్మకానికి పెట్టే ప్రాజెక్టులకు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 14 ఐదేళ్ల నిర్మాణ లోప బాధ్యత పెట్టింది. తెలిపిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. బిల్డర్ కనబడకుండా పోతే ఆ సెక్షన్ వెనక ఏ ఇన్సూరెన్సూ లేదు. సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకునే ఇల్లు రెరా కిందకే రాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లు కట్టించిన అనుభవంతో సిడ్నీ వచ్చినవారికి సర్టిఫికెట్ అడగడం తట్టకపోవడానికి ఇదొక కారణం.

పాత ఇల్లు కొనేవారు ఒకటి గమనించాలి. మునుపటి యజమాని ఓనర్-బిల్డర్ పర్మిట్‌తో తానే కట్టించి ఉంటే ఆ పనికి ఇన్సూరెన్స్ ఉండదు. 2015 జనవరి నుంచి ఓనర్-బిల్డర్లకు ఆ పాలసీ ఇవ్వడం లేదు. ఆ సంగతి అమ్మకపు కాంట్రాక్టులో హెచ్చరికగా రాయాలి. లైసెన్స్ ఉన్న బిల్డర్ చేసిన పనైతే మిగిలిన కవర్ కొత్త యజమానికి సంక్రమిస్తుంది కాబట్టి, పాత సర్టిఫికెట్ కాపీని సెటిల్‌మెంట్‌కు, అంటే మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజుకు, ముందే లాయర్ ద్వారా తెప్పించుకోవాలి.