బస్తీని కదపకండి, నేల మీద హక్కు ఇవ్వండి

మురికివాడ అనగానే ఆసియా నగరాల పాలకులకు తట్టేది ఒక్కటే: ఊరి చివర అపార్టుమెంట్లు కట్టి జనాన్ని అక్కడికి తరలించడం. చెన్నైలో కణ్ణగి నగర్, పెరుంబాక్కం అలా వచ్చినవే. గోడలు పక్కావే. కానీ నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి రెండు బస్సులు మారి పనికి పోవాల్సివస్తే, ఇల్లు వచ్చిందన్న మాటేగానీ కూలి చార్జీలకే పోతుంది.

థాయ్‌లాండ్ 2003లో మొదలుపెట్టిన 'బాన్ మాంకాంగ్' అనే బస్తీల గృహ పథకం దీనికి సరైన జవాబు. ముందు బస్తీవాళ్లే ఇంటింటి సర్వే చేస్తారు, పొదుపు సంఘం పెట్టుకుంటారు, దాన్ని సహకార సంఘంగా నమోదు చేస్తారు. నేల యజమానితో బేరమాడి లీజుకో, కొనుగోలుకో ఒప్పించేది ఆ సంఘమే. రోడ్లు, డ్రైనేజీకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ఇళ్ల అప్పు కూడా సంఘం పేరు మీదే ఉంటుంది. కీలకం ఇక్కడే ఉంది. పట్టా ఎవరిది వారికిస్తే, ఆసుపత్రి ఖర్చు మీద పడిన రోజున అది అమ్ముడైపోతుంది. కొన్నాళ్లకు బస్తీ మొత్తం చేతులు మారుతుంది. ఉమ్మడి హక్కును అంత తేలిగ్గా ఎవరూ కొనలేరు. మురికివాడల వాళ్లకు భూమి హక్కు ఇచ్చే ఒడిశా 2017 చట్టం పట్టాలు కుటుంబాలకే ఇచ్చినా, వారసత్వానికి, తాకట్టుకు ఒప్పుకొని అమ్మకాన్ని మాత్రం ఆపింది. అదీ మంచి అడుగే.

డ్రైనేజీ సంగతికొస్తే కరాచీలోని ఒరంగీ బస్తీని చూడాలి. 1980 నుంచి అక్కడ ఇరవై ముప్పై ఇళ్ల సందు ఒక్కో యూనిట్‌గా చందాలు వేసుకుని పైపులు వేసుకుంది. మరుగుదొడ్డికీ పైపుకూ మధ్య చిన్న తొట్టి కట్టారు. గట్టి పదార్థం అందులో ఆగిపోతుంది కాబట్టి సన్నపైపు పూడుకుపోదు. పైపుకు వాలు సరిగా కుదరకపోతే మురుగు వెనక్కి తన్నుతుంది. అందుకే లెవెల్ కొలిచే పరికరాలూ సాంకేతిక సాయమూ 'ఒరంగీ పైలట్ ప్రాజెక్ట్' అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చింది. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాల బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

కాలువ గట్టున ఉన్నవాళ్లను వరదకు వదిలేస్తామా అని అడుగుతారు. వదలక్కర్లేదు. బ్యాంకాక్‌లో లాట్ ఫ్రావ్ కాలువలోకి చొచ్చుకొచ్చిన ఇళ్లను వెనక్కి జరిపి, అదే గట్టు మీద కొత్తగా కట్టారు.

మన దగ్గర అసలు అడ్డంకి అధికారం. మురికివాడల అభివృద్ధిని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో, అంటే నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో చేర్చింది. అయినా చాలా నగరాల్లో నేల, ప్లానింగ్ రాష్ట్ర ప్రభుత్వాల, వాటి అభివృద్ధి సంస్థల గుప్పిట్లోనే ఉన్నాయి. బస్తీతో కూర్చుని బేరమాడాల్సిన కార్పొరేటర్‌కు సెంటు భూమి మీద కూడా సంతకం చేసే హక్కు లేదు. ముందుగా ప్రభుత్వ భూముల్లోని బస్తీల నేలను నగరపాలక సంస్థల పేరిట బదలాయించాలి.