‘ఫ్యామిలీ డాక్టర్‌ని ఆ మాత్ర అడగొద్దు’ అంటున్న మెసేజ్‌కి జవాబు

ఏడీహెచ్‌డీ (దేనిమీదా మనసు నిలపలేక, కుదురుగా ఉండలేక పడే ఇబ్బంది) గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇదీ: “పెద్దవాళ్లకు ఏడీహెచ్‌డీ ఉండదు, అది ఫోన్లు తెచ్చిపెట్టిన పరధ్యానం. దానికిచ్చే మాత్ర డ్రగ్సే. ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మానలేరు, గుండె పాడవుతుంది. ఫ్యామిలీ డాక్టర్‌ని అడిగారో, మత్తు కోసం వచ్చారనుకుంటాడు. కాఫీ, ప్రాణాయామం చాలు.” ఇందులో ఒకటి రెండు సగం నిజాలున్నాయి. వాటి చాటున మిగతావి కూడా చలామణీ అయిపోతున్నాయి.

ముందు ఫోన్ల సంగతి. కుదురుగా ఉండలేని, దేనిమీదా మనసు నిలపలేని పిల్లల గురించి జార్జ్ స్టిల్ అనే వైద్యుడు లండన్‌లో ఉపన్యాసాలిచ్చింది 1902లో. ఆ పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక కూడా ఇబ్బంది పూర్తిగా పోదని తర్వాత తేలింది. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకం 2013లో వచ్చింది. దాని ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లలో కనీసం 5 లక్షణాలుండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇబ్బంది ఒక్క ఆఫీసులోనో ఒక్క ఇంట్లోనో కాకుండా రెండుచోట్లా తెలియాలి. అంటే స్మార్ట్‌ఫోన్ కొన్నాక మొదలైన పరధ్యానం ఈ లెక్కలోకే రాదు.

“చిన్నప్పుడు మంచి మార్కులే వచ్చాయిగా, మరి అదెలా?” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. మన దగ్గర ఇంటర్ ఎలా గడుస్తుందో గుర్తు చేసుకోండి. తెల్లవారకముందే లేపి, స్టడీ అవర్లో కూర్చోబెట్టి, వారం వారం పరీక్ష పెట్టి, తల తిప్పితే వార్డెన్ చేత అరిపించే రెసిడెన్షియల్ కాలేజీలో కుదురు మనది కాదు, కాలేజీది. ఆ కట్టడి పోయి, ఉద్యోగంలో తన పని తానే సర్దుకోవాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లలనైతే ఎవరూ పట్టించుకోనే లేదు.

మాత్ర డ్రగ్సేనా? చట్టం వరకు చూస్తే ఇది సగం నిజం. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మెథిల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల నియంత్రణ చట్టం) పరిధిలో ఉంది, గట్టి నిఘాతో అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ ఎక్స్‌లోనూ ఉంది. దాన్ని అమ్మడానికి మందుల షాపుకి విడిగా లైసెన్స్ కావాలి. చీటీ రెండు ప్రతులు రాయించుకుని ఒకటి రెండేళ్లు దాచాలి. మీ వీధి చివర షాపులో ఎందుకు దొరకదో దీన్నిబట్టి అర్థమవుతుంది. కానీ క్యాన్సర్ నొప్పికిచ్చే మార్ఫిన్ కూడా అదే చట్టం కింద ఉంది. నిఘా పెట్టారంటే పక్కదారి పట్టే ప్రమాదం ఉందని అర్థం, వైద్యానికి పనికిరాదని కాదు. పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర అడిగి వేసుకునేవాళ్లున్నారు, అది మాత్రం ముమ్మాటికీ తప్పే. పైగా మందు ఇదొక్కటే కాదు. ఏడీహెచ్‌డీకే ఇచ్చే అటామోక్సెటిన్, మెథిల్‌ఫెనిడేట్‌లా ఉత్తేజకం కాదు, ఆ చట్టం జాబితాలోనూ లేదు. కాకపోతే పని చేస్తోందో లేదో తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇక ఫ్యామిలీ డాక్టర్. మెసేజ్‌లో అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. మన ఊళ్లలో ఎంబీబీఎస్ డాక్టరుగారు సాధారణంగా మెథిల్‌ఫెనిడేట్ తానే రాయరు, సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపుతారు. అంతమాత్రాన ఆయన్ని తప్పించుకుని వెళ్లాల్సిన పనిలేదు. థైరాయిడ్ తేడా, రక్తహీనత, రాత్రి గురకతో ఊపిరాగి నిద్ర చెడటం, డిప్రెషన్, ఆందోళన, మద్యం అలవాటు వీటిలో ఏదైనా మతిమరుపునీ పరధ్యానాన్నీ తెస్తుంది. ఇవి ముందు చూడాల్సింది ఆయనే. మీ బీపీ, మీ నాన్నగారి గుండెజబ్బు, మీరు వాడుతున్న మాత్రలు ఆయనకు తెలుసు. ఉదాహరణకి డిప్రెషన్‌కిచ్చే ఫ్లూఆక్సెటిన్ వేసుకునేవాళ్లకు అటామోక్సెటిన్ రక్తంలో మామూలు కంటే ఎక్కువగా పేరుకుంటుంది. కంట్లో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లకు మెథిల్‌ఫెనిడేట్ ఇవ్వాలంటే ఆలోచించాలి. ఇవన్నీ ఒక చిన్న ఉత్తరంలో రాసిస్తే సైకియాట్రిస్ట్ పని సగం తేలికవుతుంది.

అనుమానిస్తారేమో అన్న భయం ఉంటే, గదిలోకి వెళ్తూనే మాత్ర పేరు చెప్పకండి. జరుగుతున్నది చెప్పండి: ఖాతాలో డబ్బులుండీ కరెంటు బిల్లు ఫైన్‌తో కట్టడం, మొదలుపెట్టిన ఫైలు మధ్యలో వదిలేయడం, మాట మధ్యలో అడ్డుతగిలి మాటలు పడటం, ఇదంతా ఎప్పటినుంచో. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్లండి, కుదిరితే అమ్మనో అన్నయ్యనో వెంట తీసుకెళ్లండి. ఆ తర్వాత సూటిగా అడగొచ్చు: “దీనికి మందు అవసరమవుతుందా డాక్టరుగారూ? నాకున్న బీపీకి పడుతుందా? ఎవరికి చూపించమంటారు?” ఇలా అడిగేవాణ్ణి చూసి మత్తు కోసం వచ్చాడనుకునే డాక్టరు అరుదు. “ఈ వయసులో ఏడీహెచ్‌డీ ఏంటయ్యా, పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి” అనేవారు మాత్రం తగలొచ్చు. నవ్వి ఊరుకుని వేరే చోటికి వెళ్లండి. మన దేశంలో సైకియాట్రిస్ట్‌ని కలవడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో మెథిల్‌ఫెనిడేట్ చీటీ ఇస్తామనేవాళ్లను మాత్రం నమ్మకండి. షెడ్యూల్ ఎక్స్ మందులు టెలిమెడిసిన్‌లో రాయకూడదని 2020 మార్గదర్శకాల్లోనే ఉంది.

“చచ్చేదాకా మానలేరు” అన్నది తప్పు. మామూలు మెథిల్‌ఫెనిడేట్ మాత్ర పని చేసేది మూడు నాలుగు గంటలు, మెల్లగా విడుదలయ్యే రకాల్లో కొన్ని పన్నెండు గంటల దాకా. ఏడాదికోసారైనా ఇంకా అవసరమా అని డాక్టరు చూడాలి, అవసరం లేదనిపిస్తే ఆపాలి.

గుండె సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఈ మందులు నాడి వేగాన్నీ బీపీనీ కొద్దిగా పెంచుతాయి, ఆకలీ నిద్రా తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో అధిక రక్తపోటు, రక్తనాళాల జబ్బు కొంత ఎక్కువగా కనిపించాయని స్వీడన్ పరిశోధకులు 2023లో చెప్పారు. అదే దేశపు రికార్డులతో 2024లో వచ్చిన మరో అధ్యయనంలో, మందు మొదలుపెట్టినవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. రెండూ చదవాలి. బ్రిటన్‌లో 2018 నుంచి ఉన్న మార్గదర్శకాలు మందు మొదలుపెట్టేముందు, మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆపైన ఆరు నెలలకోసారీ నాడి, బీపీ చూడమంటాయి. మన దగ్గర ఆ చూసే పని మళ్లీ ఫ్యామిలీ డాక్టరుగారిదే.

కాఫీ మందుకి బదులు కాదు. మందుతో పాటు ఎక్కువ తాగితే గుండె దడ వస్తుంది. ప్రాణాయామం చేసుకోండి, ఎవరూ వద్దనరు.

మెసేజ్ కింద ఒకాయన “మా అబ్బాయి డల్లాస్ నుంచి ఆడరాల్ తెస్తాడు, డాక్టర్‌తో పనేముంది” అని రాశారు. ఆడరాల్ కూడా ఏడీహెచ్‌డీ మాత్రే; అమెరికాలో ఫ్యామిలీ డాక్టరే దాన్ని రాయొచ్చు, నిజమే. కానీ అది ఆంఫెటమిన్ అనే ఉత్తేజకం. భారత మార్కెట్లో దొరకదు, ఎన్‌డీపీఎస్ చట్టం దాకా వెళ్లే వ్యవహారం. అక్కడ వాడుతూ ఇక్కడికి తిరిగి రావాలనుకునేవాళ్లు విమానం ఎక్కకముందే అక్కడి డాక్టర్‌తో మాట్లాడి, ఇక్కడ దొరికే మందుకి మారాలేమో తేల్చుకోవాలి. ఒకరి చీటీ మీద తెచ్చిన మాత్ర ఇంకొకరు వేసుకోవడం అక్కడా నేరమే.