కర్నూలుకు హైకోర్టు సరే, నీళ్ల సంగతేంటి?

కర్నూలు గురించి ఎక్కడ చర్చ మొదలైనా హైకోర్టు దగ్గరికొచ్చి ఆగుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. మూడేళ్లకే అన్నీ హైదరాబాదుకు తరలిపోయాయి. 2020లో న్యాయ రాజధాని అన్నారు, 2024 నవంబరులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. ఈ డిమాండుకు మూలం కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. రాజధానో హైకోర్టో సీమకు దక్కాలన్న ఆ ఒడంబడికే తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలోనూ సీమకే ముందు ప్రాధాన్యం అంది. మొదటి షరతు అందరికీ కంఠతా. రెండోది ఎండాకాలం వస్తే తప్ప ఎవరికీ గుర్తురాదు.

తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న ఊరిది. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఊరి మధ్యలోంచే పోతుంది, హంద్రీని అక్విడక్టు మీదుగా దాటుతుంది. అయినా ఎండలు ముదిరితే కొన్ని వార్డులకు ట్యాంకరే దిక్కు. నీళ్లు లేకనా? లెక్క వేసి చూద్దాం. 5 లక్షల మంది, మనిషికి రోజుకు 135 లీటర్లు. ఏడాదికి సుమారు 2,460 కోట్ల లీటర్లు అవుతుంది. ఒక టీఎంసీ అంటే 2,830 కోట్ల లీటర్లు. పైపుల్లో మూడో వంతు కారిపోయినా ఊరి అవసరం 1.3 టీఎంసీ దాటదు. పూడిక పోగా తుంగభద్ర డ్యాంలో ఇప్పటికీ వందకు పైగా టీఎంసీలు పడతాయి.

చిక్కంతా నిల్వ దగ్గర ఉంది. ఊరికి ఎగువన సుంకేసుల బ్యారేజీలో పట్టేదే 1.2 టీఎంసీ. అదే నీటిని కేసీ కెనాల్ ఆయకట్టూ అడుగుతుంది. కాలువకు కేటాయింపు 39.9 టీఎంసీలు. ఘనంగానే వినిపిస్తుంది గానీ అందులో డ్యాం నుంచి వచ్చేది 10 టీఎంసీలే, మిగతా 29.9 నదిలో పారితేనే. సంక్రాంతి తర్వాత నది పారదు. అప్పుడు ఇండెంటు, అంటే ఇన్ని నీళ్లు కావాలన్న కోరిక పత్రం పెట్టి, కర్ణాటకలో డ్యాం ఉన్న హోస్పేటలో నీళ్లు వదిలించుకోవాలి. వదిలిన నీళ్లు దారి పొడవునా ఇసుకలో ఇంకుతూ, రెండు గట్ల మీది మోటార్లను దాటుకుంటూ, రాజోలిబండ ఆనకట్ట మీదుగా సుంకేసులకు చేరాలి. ఇండెంటు రెండు వారాలు ఆలస్యమైతే ఊళ్లో కుళాయిలు ఆగుతాయి. గాజులదిన్నె జలాశయం నుంచి హంద్రీలోకి నీళ్లు వదిలి ఊరి దాహం తీర్చిన సందర్భాలూ ఉన్నాయి. అది అత్యవసరానికి పనికొస్తుంది, ఏటా చేసుకునే ఏర్పాటు కాదు.

సుంకేసులకు పైన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం ప్రతిపాదన ఇందుకే పుట్టింది. ముంపు అవతలి గట్టున తెలంగాణలోనూ ఉంటుంది కాబట్టి ఒక్క రాష్ట్రం జీవో ఇస్తే అయ్యే పని కాదు. ఎన్నికల సభల్లో గుండ్రేవుల పేరు తీసే నాయకులు ఈ సంగతి మాత్రం దాటేస్తారు.

2009 అక్టోబరు 2న ఇదే ఊరు మునిగింది. హంద్రీ పరీవాహకంలో కుండపోత, తుంగభద్రలో ఎన్నడూ చూడనంత ప్రవాహం. దిగువన శ్రీశైలంలో నీటిమట్టం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి 896 అడుగులకు చేరింది. రెండు నదులూ ఒకేసారి పొంగడంతో పాతబస్తీ నీళ్లపాలైంది. తుంగభద్ర మీద అందరికీ భయముంది. హంద్రీ అంటే మాత్రం మురుగు కాలువనే చిన్నచూపు. జోహరాపురం వైపు గట్టుకు దిగి చూస్తే తెలుస్తుంది: ఊరి మురుగు, ఇళ్లు కూల్చిన మట్టి, కంపచెట్లు, వాటి పక్కనే కొత్త గోడల పునాదులు. నదిలో వరద పట్టే చోటు ఇలాగే ఏటా కొంత తరుగుతోంది.

మిగతా విషయాల్లో ఊరు బాగానే పెరుగుతోంది. 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, 2021 నుంచి ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది. పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు నుంచీ రోగులొస్తారు. ఉల్లి మార్కెట్టు ధర పడినప్పుడల్లా వార్తల్లోకొస్తుంది. తడి ఎక్కువున్న ఖరీఫ్ ఉల్లి నిల్వ ఉండదు మరి.

హైకోర్టు బెంచి వస్తే మంచిదే. వకీళ్లకు, లాడ్జీలకు, ఆటోలకు పని పెరుగుతుంది, జనమూ పెరుగుతారు. అలా పెరిగిన జనానికీ తాగునీరు సుంకేసుల నుంచే రావాలి. ఆ బ్యారేజీలో తాగునీటి మట్టం ఇంత అని గీత గీసి, అక్కడికి తగ్గగానే కాలువ తూము దించాలన్న నిబంధన పెట్టడానికి హోస్పేట అనుమతి అక్కర్లేదు. హంద్రీ హద్దులకు రాళ్లు పాతడానికీ అక్కర్లేదు.