ఆపరేషన్ ఒక్కటే దారా?

గోదావరి డెల్టాలో ఇంటి లెక్క బస్తాలతో మొదలవుతుంది. కౌలుకు చేసేవాడు ఎకరానికి ఎన్ని బస్తాలు కొలవాలో నారు పోయకముందే ఖాయమైపోతుంది. పంట తడిసినా పడిపోయినా ఆ మాట మారదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగేసరికి రొయ్య ధర పడిపోయింది. చెరువుల మీద, రొయ్యలు వలిచే షెడ్లలో కూలికి వెళ్లేవాళ్లకు ఆ దెబ్బ తగిలింది. రెండు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోతకు రావలసిన సార్వా (ఖరీఫ్) వరి నేలకొరిగింది. ఇలాంటి ఏడాదిలో, డ్వాక్రా వాయిదా ఎలా కట్టాలా అని టెన్షన్ పడుతున్న ఇంట్లో ఇల్లాలికి నెల తప్పితే ఆ సంగతి గడప దాటి బయటికి రాదు. ఈరోజు దాని గురించే మాట్లాడదలచుకున్నాం.

పేదవాళ్లు పిల్లల్ని ఎక్కువగా కంటారు కాబట్టే పేదలుగా మిగిలిపోతున్నారన్న మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. మన ప్రాంతానికి అది ఏనాడో చెల్లిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 మాత్రమే. రాజోలులోనైనా ఆచంటలోనైనా కూలి ఇళ్లలో ఇద్దరికి మించి కనబడడం అరుదు. అయినా అప్పు తీరలేదు. కౌలు కార్డు అందని రైతుకు బ్యాంకు రుణం లేదు. కాన్వెంటు ఫీజు, ఆసుపత్రి బిల్లు, ఆడపిల్ల కట్నం ఏటా పెరుగుతూనే ఉన్నాయి. గిట్టుబాటు కాక కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామమే ప్రకటించారు. కుటుంబం చిన్నదైతే చింత ఉండదని గోడల మీద రాయించిన ప్రభుత్వాలు ఈ చింతల గురించి అంత గట్టిగా పట్టించుకోలేదు.

సరే, కుటుంబం చిన్నదైంది. ఆ పని ఎవరి ఒంటి మీద జరిగింది? అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయి, కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో 69.6 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ఇది దేశంలోనే అత్యధికం. మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు 0.4 శాతం. మాత్రలు, కాపర్-టి, సూదిమందు, కండోమ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. పద్ధతులు ఎన్నో ఉన్నాయని పోస్టర్లలో బొమ్మలు వేశాం గానీ, ఊళ్లో ఆడపిల్లకు చేరింది ఒక్కటే.

అది ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లి. రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి అలాగే జరిగిందని ఆ సర్వేనే చెప్పింది. ఏడాది తిరక్కుండా ఒక కాన్పు, వెంటనే ఇంకొకటి, రెండో పురుడుతోనే కుట్లు. ఇరవై మూడేళ్లకు అంతా అయిపోతుంది. దీన్ని ఎంచుకున్న కుటుంబాన్ని మేము తప్పుపట్టం. కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిరగడం ఎవరి వల్ల అవుతుంది? ఒక్కసారి చేయించేస్తే ఇక భయం లేదన్న అత్తగారి మాటలో వాళ్లు పడ్డ కష్టం ఉంది. ఆ పిల్ల ముప్పై ఏళ్లు నిండగానే కువైట్‌లో ఇంటిపనికి పాస్‌పోర్టు తీసుకుంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. కష్టకాలంలో ఇల్లు గట్టెక్కడానికి ఆ ఇల్లాలి ఒళ్లు, వయసు రెండూ ఖర్చయిపోతాయి.

ఇందులో తప్పిపోయింది కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం. మొదటి బిడ్డ పుట్టాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రెండేళ్లు తల్లి ఒంట్లో రక్తం పట్టడానికే కాదు, అప్పుల్లో ఉన్న ఇంటికి ఊపిరి పీల్చుకోవడానికి కూడా. చంటిబిడ్డ చంకలో ఉండగా ఇంకొకరు కడుపున పడితే ఊడ్పులకు వెళ్లలేదు, షెడ్డుకు వెళ్లలేదు, ఇంట్లో కూర్చుని లేసు అల్లుకుందామన్నా చేతులకు తీరిక ఉండదు. పంట పోయిన ఏడాది ఆగి, కుదురుకున్నాక కందామనుకునే జంటకు ఆపరేషన్ ఎందుకూ పనికిరాదు. వాళ్లకు కావలసింది మూడు నెలలకోసారి వేసే అంతర సూది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయా మాత్ర, పురిటి మంచం మీదే వేయగలిగే కాపర్-టి. ఇవన్నీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. సూది వేశాక మొదట్లో నెలసరి అటూ ఇటూ అవుతుందని ముందే కూర్చోబెట్టి చెప్పే మనిషి లేకపోతే ఆ పిల్ల రెండో సూదికి రాదు. అంత ఓపికగా చెప్పే తీరిక ఊళ్లో నర్సులైన మన ఏఎన్‌ఎంలకు ఇస్తున్నామా?

ఇంకో మాట. ఇది నీళ్ల మధ్య బతికే నేల. కాలువల్లో, రొయ్యల చెరువుల్లో పసివాళ్లు పడిపోయిన వార్తలు ఈ పత్రికలో ఏటా అచ్చువేస్తూనే ఉన్నాం. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్ ఉచితంగా చేయించింది. అది ఫలించేది కొందరికే. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ తీరంలో, ఇరవై మూడేళ్ల పిల్లకు వెనక్కి తిరగలేని నిర్ణయం ఒక్కటే చేతికివ్వడం మాకు న్యాయంగా అనిపించడం లేదు.

మగవాళ్ల సంగతికి వద్దాం. ఆపరేషన్ అయితే బస్తా ఎత్తలేం, బరువు పనికి పనికిరాం అన్న భయం మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. అందుకు చరిత్ర ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో, ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో నాలుగింట మూడొంతులు మగవాళ్లకే, అదీ చాలాచోట్ల బలవంతంగా. ఆ కోపం చూసి భయపడ్డ ప్రభుత్వాలు తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగాయి. నాటి బలవంతాన్ని మేము ఎప్పటికీ సమర్థించం. అయితే మగవాళ్లకు ఇప్పుడు చేసే ఆపరేషన్, వేసెక్టమీకి కోత లేదు, కుట్టు లేదు. అరగంట లోపే అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలితే చాలు. బలం తగ్గదు, కాపురానికి ఏ లోటూ రాదు. ఈ మాట బస్తాలు మోసే హమాలీల మధ్య కూర్చుని, చేయించుకున్న మగవాడే చెప్పాలి. భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లి వరండాలో కూర్చోవడంతో తన వంతు అయిపోయిందనుకునే భర్తను అడగాల్సింది మనమే.

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. అది మంచిదే. వృద్ధులు పెరిగిపోతున్నారు, ఇంకా పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పిలుపునిస్తున్నారు. నిన్న వద్దన్నా, నేడు కనమన్నా, మాట పడుతున్నది ఆ ఇల్లాలి కడుపు మీదే. మా భయం ఒక్కటే. పైనుంచి ‘కనండి’ అన్న మాట వినగానే కింద ఆరోగ్య కేంద్రంలో సూదిమందు ఇండెంటు తగ్గిపోకూడదు, అడిగిన పిల్లకు ‘ఇప్పుడెందుకమ్మా’ అన్న జవాబు రాకూడదు. మూడో బిడ్డ కావాలనుకునే తల్లికి సెలవు, సాయం ఇవ్వండి. ఈ ఏడాది వద్దనుకునే తల్లికి మందు ఇవ్వండి. రెండూ ఒకే ఆసుపత్రిలో, ఒకే మర్యాదతో అందాలి.

గోదావరికి వరద వస్తుందనగానే లంక గ్రామాల్లో నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి, పడవల మీద ముందే ఆసుపత్రులకు తరలిస్తున్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ జాబితాల విలువ తెలిసింది. దారులు మునిగిన రోజుల్లోనే అంతర సూది గడువు దాటిపోయే తల్లులూ ఉంటారు. జిల్లా వైద్యాధికారులు ఈ జూన్ లోగా ఆ జాబితాలో ఇంకో గడి గీయించాలి. ఎవరి సూది ఏ తేదీకి పడుతుందో ఆశా కార్యకర్త అందులో రాసిపెట్టుకుంటే, గర్భిణి కోసం వెళ్లే పడవలోనే ఆ మందూ వెళ్తుంది.